పరిగె ఏరే చేయి
(స్త్రీల సమస్యలపై పనిచేస్తున్న కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న రాత్రి భోజనాలయ్యాక మనందరం కూర్చుని ఒక ఫ్రెంచి సినిమా చూశాం. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటే ఇద్దరు మిత్రులు పక్కన నిలబడి ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతూ వచ్చారు. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. అయినా ఎవరూ లేచి వెళ్లలేదు. సినిమా అయిపోయాక చాపలు చుడుతూ ఒక కార్యకర్త నన్నడిగింది: "మేడం, ఇది మేం రోజూ చూసే పేదరికమే కదా! దీన్ని సినిమా తీస్తే ఆమెకు పేరొచ్చింది. ఆ ఏరుకునేవాళ్లకు ఏమొచ్చింది?"

ఈ రోజు కోసం నేను కొన్ని కాగితాలు రాసుకొచ్చాను. ఆ ప్రశ్న విన్నాక అవి పక్కన పెట్టేశాను. ఎందుకంటే ఆ ప్రశ్న ఆ సినిమా దర్శకురాలికి మాత్రమే తగిలేది కాదు. గ్రామాల్లో తిరిగి స్త్రీల బతుకుల గురించి రాసి డాక్టరేట్ తెచ్చుకున్న నాకూ తగులుతుంది. కేస్ స్టడీలు రాసే మీకూ తగులుతుంది. కాబట్టి ఆ దర్శకురాలు అన్యెస్ వార్దా సినిమా గురించీ, కళ గురించీ, మనుషుల గురించీ ఏమాలోచించిందో చెబుతూ, ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ప్రయత్నిస్తాను.

ముందు ఆమె ఎవరో రెండు మాటల్లో చెబుతాను. వార్దా 1928లో బెల్జియంలో పుట్టింది. తండ్రి గ్రీకు, తల్లి ఫ్రెంచి. యుద్ధకాలంలో కుటుంబం దక్షిణ ఫ్రాన్సులోని సెత్ అనే రేవు పట్టణానికి చేరింది. ఆమె చిత్రకళా చరిత్ర చదివింది, ఫొటోగ్రఫీ నేర్చుకుంది, ఒక నాటక సంస్థకు ఫొటోగ్రాఫరుగా పనిచేసింది. సినిమా ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తొలి సినిమా తీసేనాటికి తాను చూసిన సినిమాలు కూడా చాలా తక్కువేనని ఆమే చెప్పుకుంది. ఆ తొలి సినిమా 'లా పాయింత్ కూర్త్' 1955లో వచ్చింది. సెత్‌లోని బెస్తవాళ్ల పేటలో, ఆ పేట మనుషులనే పెట్టి తీసింది. ఫ్రెంచి సినిమాలో 'నవతరంగం' అని మగ దర్శకుల పేర్లతో చెప్పుకునే ఉద్యమం ఇంకా మొదలు కాకముందు సంగతి ఇది. 2019 మార్చిలో, 90 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ఆమె పనిచేస్తూనే ఉంది. 2018లో కాన్ చలనచిత్రోత్సవంలో 82 మంది స్త్రీలు మెట్ల మీద నిలబడి నిరసన తెలిపినప్పుడు ప్రకటన చదివిన ఇద్దరిలో వార్దా ఒకరు. 1946 నుంచీ ఆ ఉత్సవ పోటీలో ఆ మెట్లెక్కిన స్త్రీ దర్శకులు 82 మంది, మగ దర్శకులు 1,688 మంది అని ఆ ప్రకటనలో చెప్పారు. ఆమె ఎలాంటి రంగంలో అరవై ఏళ్లకు పైగా నిలబడిందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

మొదట ఒక కరెంటు వైరు సంగతి చెబుతాను. 1970ల మధ్యలో ఆమెకు చిన్న పిల్లవాడున్నాడు. ఇల్లు వదిలి దూరం వెళ్లి సినిమా తీసే వీలు లేదు. మనలో ఎంతమందికి తెలియదు ఈ పరిస్థితి! పిల్లలు పుట్టాక మీటింగులకు రావడం మానేసిన కార్యకర్తలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వార్దా ఏం చేసిందంటే, తన ఇంటి మీటరు నుంచి ఎనభై తొంభై మీటర్ల వైరు బయటికి లాగింది. ఆ వైరు ఎంతవరకు వెళితే అంతవరకే సినిమా అని నిర్ణయించుకుంది. పారిస్‌లో తానుండే వీధిలోని రొట్టెల దుకాణం, మాంసం కొట్టు, దర్జీ, అత్తర్లమ్మే ముసలి దంపతులు, వీళ్ల మీద 'దాగెరియోటైప్స్' అనే డాక్యుమెంటరీ తీసింది. ఆ వైరును ఆమె బొడ్డుతాడుతో పోల్చింది. ఇందులో ఇంటి కట్టుబాటును గొప్ప చేయడం లేదు. పిల్లల పెంపకం తల్లి ఒక్కదాని మీదే పడటంలోని అన్యాయం అలాగే ఉంది. కానీ తాను ఎక్కడ నిలబడి చూస్తున్నదీ, తన చూపు ఎంతవరకు ఆనుతున్నదీ ఆమె దాచలేదు. పరిశోధకులం మేం సాధారణంగా దాచేది అదే. ఎక్కడా నిలబడనట్టు, పైనుంచి అన్నీ చూసినట్టు రాస్తాం.

ఇక చూపు సంగతి. 1962లో వచ్చిన 'క్లియో, ఐదు నుంచి ఏడు దాకా' మీలో కొందరు చూసి ఉంటారు. క్లియో ఒక గాయని, అందగత్తె. తనకు క్యాన్సరేమోనని భయం. పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే ఆ కాస్త సమయమే సినిమా. మొదటి సగంలో ఆమె ప్రతి అద్దంలోనూ తనను తాను చూసుకుంటుంది. అందరూ ఆమెను చూస్తుంటారు. అందంగా ఉన్నంతసేపూ బతికున్నట్టే అనుకుంటుంది. సినిమా మధ్యలో సవరం తీసి పారేసి, నల్ల గౌను వేసుకుని వీధిలోకి వెళుతుంది. అక్కడినుంచి ఆమె చూడటం మొదలుపెడుతుంది. హోటల్లో కూర్చున్నవాళ్లనూ, దారినపోయేవాళ్లనూ, చివరికి అల్జీరియా యుద్ధానికి తిరిగి వెళ్లబోతున్న ఒక సైనికుడినీ చూస్తుంది, మాట్లాడుతుంది. అప్పుడుగానీ భయం కొంచెం సడలదు. చూడబడే స్త్రీ చూసే మనిషిగా మారడం ఒక రాజకీయ విషయమని స్త్రీవాదులు సిద్ధాంతాలు రాయడానికి పదేళ్లకు పైగా ముందే వార్దా దాన్ని కథగా చెప్పింది.

చూసే మనిషి అయ్యాక బాధ్యత కూడా మొదలవుతుంది. ఎదుటివాళ్లను బయటపెట్టే ముందు నువ్వు ఎంత బయటపడతావు? 1971 ఏప్రిల్లో ఫ్రాన్సులో 343 మంది స్త్రీలు "నేను గర్భస్రావం చేయించుకున్నాను" అని ఒక పత్రికలో తమ పేర్లతో ప్రకటించారు. అప్పటికి అక్కడ అది నేరం. ప్రకటన రాసింది సిమోన్ ద బోవా. సంతకం చేసినవాళ్లలో వార్దా ఉంది. ఆ పోరాటం మీద 'ఒకామె పాడుతుంది, ఇంకొకామె పాడదు' అనే సినిమా తర్వాత 1977లో తీసింది. అంటే ముందు తన పేరు పెట్టింది, ఆ తర్వాతే ఇతర స్త్రీల కథ చెప్పింది. అదే 1971లో మన పార్లమెంటు గర్భస్రావాన్ని కొన్ని షరతులతో అనుమతిస్తూ చట్టం చేసింది. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా, తన పేరుతో ఆ మాట చెప్పుకోగల చోటు మన స్త్రీలకు ఎంతుంది? మనం నడిపే సమావేశాల్లోనైనా ఉందా? బాధిత స్త్రీలను "చెప్పమ్మా, భయపడకు" అంటాం. మన ఇంటి సంగతులు మాత్రం చెప్పం.

ఇప్పుడు 1985 నాటి సినిమా. ఫ్రెంచి పేరుకు అర్థం 'గూడూ లేదు, చట్టమూ లేదు'. ఇంగ్లీషులో 'వాగబాండ్' అన్నారు. వెనిస్ ఉత్సవంలో పెద్ద బహుమతి వచ్చింది. చలికి గడ్డకట్టి కాలువలో చచ్చిపడి ఉన్న ఒక యువతితో మొదలవుతుంది. పేరు మోనా. ఇల్లూ వాకిలీ లేకుండా, వీపున సంచీతో తిరిగిన పిల్ల. ఆమెను దారిలో కలిసినవాళ్లు ఒక్కొక్కరూ ఆమె గురించి చెబుతారు. ఒకరికి ఆమె స్వేచ్ఛ. ఒకరికి కంపు. ఒకరికి కోరిక. ఒకరికి బద్ధకం. సినిమా అయ్యేసరికి మనకు మోనా గురించి తెలిసింది తక్కువ, చెప్పినవాళ్ల గురించి తెలిసింది ఎక్కువ.

మోనా మంచి పిల్ల కాదు. సాయం చేసినవాళ్లకు కృతజ్ఞత చెప్పదు. భూమి ఇచ్చి సాగు చేసుకొమ్మంటే చేయదు. మన ఆఫీసుకొస్తే ఆమెను ఏం చేస్తాం? "సహకరించడం లేదు" అని ఫైలు మూసేస్తాం. మన రిపోర్టులకు కావలసింది ఏడ్చే స్త్రీ, సాయం అందుకుని మారిన స్త్రీ, చివర్లో కుట్టు మిషను పక్కన నవ్వుతూ ఫొటో దిగే స్త్రీ. నిధులిచ్చేవాళ్లు అడిగేదీ ఆ కథే. మన కథకు సరిపోకపోతే ఆమె బాధ బాధ కాకుండా పోతుందా? మోనాను మనకు నచ్చేలా చేయడానికి వార్దా ఒప్పుకోలేదు. ఆమె ఎందుకిలా అయిందో కారణాలు చెప్పి మన మనసు కుదుటపరచడానికీ ఒప్పుకోలేదు. మనిషి ఎవరి వివరణలోనూ పూర్తిగా ఇమడదనీ, మనకు నచ్చకపోయినా చలికి చచ్చిపోకుండా ఉండే హక్కు ఆమెకుందనీ ఆ సినిమా నాకు చెప్పింది.

ఇక నిన్న మనం చూసిన సినిమా. 2000లో వచ్చింది. పేరులోనే ఒక మెలిక ఉంది. తెలుగులో చెప్పాలంటే 'పరిగె ఏరేవాళ్లు, పరిగె ఏరే ఆమె'. ఆ ఆమె వార్దానే. చిత్రమేమిటంటే, ఇంగ్లీషులో ఈ సినిమా గురించి చదివినప్పుడు ఆ మాట నాకు నిఘంటువు చూస్తేగానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. మా అమ్మమ్మ రోజూ వాడిన మాట. కోత అయిపోయాక మడిలో రాలిన కంకులు ఏరుకోవడం, వేరుశనగ పీకేశాక మట్టిలో మిగిలిన కాయలు తవ్వుకోవడం, ఇదంతా పరిగె. భూమి లేనివాళ్లు, ఎక్కువగా దళిత స్త్రీలూ పిల్లలూ చేసే పని.

ఫ్రాన్సులోనూ అది పేదల పని. 1857లో మిలే అనే చిత్రకారుడు వంగి కంకులేరుతున్న ముగ్గురు ఆడవాళ్ల బొమ్మ వేశాడు. వార్దా ఆ బొమ్మ దగ్గర మొదలుపెట్టి, ఇప్పుడెవరు ఏరుతున్నారని చిన్న డిజిటల్ కెమెరా పట్టుకుని బయల్దేరింది. అప్పటికి ఆమెకు 70 దాటాయి. సైజు సరిపోలేదని పొలంలో టన్నులకొద్దీ పారబోసిన బంగాళాదుంపలు, వాటిని సంచుల్లోకి ఎత్తుకునే మనుషులు, మార్కెట్టు మూసేశాక మిగిలిన కూరలు ఏరుకు తినేవాళ్లు. నల్ల కోటు వేసుకున్న లాయరు పొలం మధ్య నిలబడి చట్టం చదవడం చూసి నిన్న అందరూ నవ్వారు. కానీ ఆ లాయరు చెప్పింది చిన్న విషయం కాదు. కోత తర్వాత పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా పేదలు పొలంలో ఏరుకోవచ్చని అక్కడ 1554 నాటి రాజశాసనం ఉంది. దయ వేరు, హక్కు వేరు అని మనం క్లాసుల్లో చెప్పే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మన ఊళ్లలో పరిగె ఆనవాయితీగా ఉండేది. ఆనవాయితీ ఆసామి మనసు మీద ఆధారపడుతుంది. వాళ్ల పొలంలో నాట్లు వేసి, కలుపు తీసినవాళ్లే అయినా, గట్టు మీద నిలబడి పిలుపు కోసం చూడాలి.

ఈ సినిమాలో వార్దా ఒక చేత్తో కెమెరా పట్టుకుని రెండో చేతిని చిత్రిస్తుంది. ముడతలు, మచ్చలు. ముసలితనం వస్తోందని దాచుకోకుండా చూపిస్తుంది. ఊరివాళ్లు కంకులేరినట్టు తాను బొమ్మలేరుతున్నానంటుంది. ఇక్కడే మన మిత్రురాలి ప్రశ్న గట్టిగా వస్తుంది. కడుపు కోసం ఏరడం, కళ కోసం ఏరడం ఒకటేనా? కాదు. వార్దాకు ఇల్లుంది, పేరుంది, ఆ బొమ్మల మీద హక్కుంది. పోలిక అందంగా ఉన్నంత మాత్రాన తేడా చెరిగిపోదు. నాకు తెలిసి ఆమె కూడా ఆ తేడా చెరిపి ఊరుకోలేదు. రెండేళ్ల తర్వాత మళ్లీ కెమెరా పట్టుకుని ఆ మనుషుల దగ్గరికే వెళ్లింది. సినిమా వచ్చాక మీకేమైంది, మీకెలా అనిపించిందని అడిగింది. దాన్ని 2002లో ఇంకో సినిమాగా ఇచ్చింది.

అందులో ఒక మనిషి ఉన్నాడు. నిన్న చూశారు, మార్కెట్టులో నేల మీద పడిన ఆకుకూర అక్కడికక్కడే తినేవాడు. యూనివర్సిటీలో జీవశాస్త్రం చదివినవాడు, రాత్రిళ్లు ఆఫ్రికా నుంచి వలస వచ్చినవాళ్లకు ఉచితంగా చదువు చెప్పేవాడు. ఆమె మళ్లీ వెళ్లినప్పుడు, సినిమా బాగుందిగానీ నువ్వు నీ గురించి పెట్టుకున్న భాగాలు అనవసరమని ఆమె మొహం మీదే చెప్పాడు. అంటే ఇందాక నేను మెచ్చుకున్న ఆ ముడతల చేతి దృశ్యం లాంటివి. వార్దా ఆ మాటను కత్తిరించి పారేయలేదు. తన సినిమాలోనే ఉంచింది. ఏరుకునేవాడు దర్శకురాలి పనిని తూకం వేశాడు. మన సర్వేల్లో, మన మూల్యాంకన రిపోర్టుల్లో, "మీరు రాసింది నాకు నచ్చలేదు" అన్న స్త్రీ మాట ఎక్కడైనా అచ్చయిందా?

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇందాక చెప్పినట్టు, మనం చెప్పుకోకుండా ఇంకొకర్ని చెప్పమనడం న్యాయం కాదు.

2006లో వ్యవసాయ కూలీ స్త్రీల మీద పరిశోధన కోసం తెలంగాణలో ఒక ఊళ్లో కొన్ని నెలలున్నాను. అక్కడ ఒక అవ్వ. అరవై దాటిన మనిషి. పరిగెకు పోతుంటే వెంటబడి, గట్ల మీద కూర్చుని టేప్‌రికార్డర్ పెట్టి ప్రశ్నలడిగేదాన్ని. రోజుకెన్ని గింజలు, ఎన్ని గంటలు, కూలి ఎంత. ఒకరోజు ఆమె నడుం మీద చేయి పెట్టుకుని లేచి, "నేనేరేటియి వండుకుంట. నువ్వేరేటియి ఏం జేస్తవు బిడ్డా?" అని అడిగింది. నేను నవ్వాను. పుస్తకం రాస్తానన్నాను. వచ్చేముందు ఫొటో తీశాను. "నాకొకటి తెచ్చియ్యి బిడ్డా, నాదొక్క ఫొటో లేదు" అంది. తప్పకుండా తెస్తానన్నాను.

తేలేదు. థీసిస్, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, సెమినార్లు. వార్దా చనిపోయిన ఏడాది, 2019లో, ఆమె సినిమాలన్నీ వరసగా చూస్తూ ఆ రెండేళ్ల తర్వాతి సినిమా దగ్గరికొచ్చేసరికి నాకు కూర్చోబుద్ధి కాలేదు. అప్పటికి పదమూడేళ్లు. ఆ డిసెంబరులో ఫొటో పెద్దది చేయించుకుని ఆ ఊరు వెళ్లాను. కోతలు అయిపోయాయి. హార్వెస్టరు పోయిన మడిలో మనిషి లేడు. అవ్వ పోయి ఆరేళ్లయిందట. కోడలు నన్ను గుర్తుపట్టింది. "పట్నం నుంచొచ్చి అత్తతోని తిరిగినవు, నువ్వే గదా అక్కా. ఫొటో తెస్తవని చానా దినాలు జూసింది. సచ్చిపోయినప్పుడు పెడ్దామంటే ఒక్క ఫొటో దొర్కలే" అంది.

ఆమె మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. ఫొటో తీసుకుని కొంగుతో తుడిచి, గూట్లో నిలబెట్టింది. ఆ ఫొటో అప్పటికి పదేళ్లకు పైగా యూనివర్సిటీ లైబ్రరీలో నా థీసిస్ చివరి పేజీల్లో ఉంది. కింద ఇంగ్లీషులో "ఒక వ్యవసాయ కూలీ" అని రాసి ఉంది. పేరు బయటపెట్టకూడదని పరిశోధన నియమం. ఆమె భద్రత కోసమే ఆ నియమం. కానీ ఆమెకు కావలసింది రహస్యం కాదు, తన మొహం. నేను ఆమెను ఎన్నడూ అడగనేలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు టేపుల్లోని మాటలు ఫోన్లో ఎక్కించుకుని పోయి వినిపించాను. నా ప్రశ్నలు వస్తున్నంతసేపూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. "నువ్వేరేటియి ఏం జేస్తవు బిడ్డా" అన్న గొంతు రాగానే మనవరాలు మళ్లీ పెట్టమంది. మూడుసార్లు పెట్టాం.

కాబట్టి మిత్రురాలి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. ఆ ఏరుకునేవాళ్లకు సినిమా వల్ల పొలం రాలేదు, ఇల్లు రాలేదు. ఒక సినిమా ఆ పని చేయలేదు, అది ఉద్యమాల పని. కానీ వాళ్లను అడిగిన మనిషి తిరిగి వచ్చింది. వచ్చి, వాళ్లు ఒప్పుకోని మాటను కూడా విని, నలుగురికీ వినిపించింది. ఒకరి మొహం, ఒకరి మాట తీసుకోవడం అప్పు తీసుకోవడమే. వార్దా తన చివరి సినిమాలో, 2019లో, తన పనికి ఆధారం మూడు మాటలని చెప్పింది: ప్రేరణ, సృష్టి, పంచుకోవడం. మొదటి రెండింటి గురించి కళాకారులూ మేధావులూ చాలా మాట్లాడతారు. మూడోదానికి చెప్పులరిగేలా తిరగాలి.

మధ్యాహ్నం మీరు బృందాలుగా కూర్చున్నప్పుడు మూడు విషయాలు చర్చించమని కోరుతున్నాను. ఒకటి, ఫొటోకూ కేస్ స్టడీకీ ఒప్పుకోలు అడిగేటప్పుడు, పేరు దాచాలా ఉంచాలా అన్నది ఆ స్త్రీనే అడుగుతున్నామా? రెండు, మనం రాసింది ఆమె భాషలో ఆమెకు చదివి వినిపించే బాధ్యత ఎవరిది? వద్దన్నది కొట్టేసే హక్కు ఆమెకుందా? మూడు, ప్రాజెక్టు బడ్జెట్లో వెళ్లే ఖర్చు రాస్తాం, తిరిగి వెళ్లే ఖర్చు ఎందుకు రాయం? నిధులిచ్చేవాళ్లు కొట్టేస్తారంటారేమో. రాస్తే కదా కొట్టేసేది.

 ఈ ప్రసంగం అచ్చయ్యేముందు నిన్న రాత్రి ఆ ప్రశ్న అడిగిన మిత్రురాలికి చదివి వినిపించి, తన ప్రశ్న ఇందులో ఉండొచ్చో లేదో అడుగుతాను.